ఇంజన్ గొంతు సన్నబడితే

ఉప్పల్ రింగ్‌రోడ్డు సిగ్నల్ దగ్గర పక్క బండి నుంచి కాలిన ఇంజనాయిల్ వాసన వస్తే చాలు, నా ఎడమచేతి రెండు వేళ్లు వాటంతటవే లివరు మీదికి పోతాయి. నాది బ్యాటరీ స్కూటరు. దానికి క్లచ్చే లేదు. ఆ సంగతి వేళ్లకు ఇంకా తెలియదు. వాటికి చదువు చెప్పినవాడు యాదన్న.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీ గోడ వెనక ఆయన షెడ్డు. మెకానికల్ ఇంజనీరింగ్ పట్టాతో నేను చేరిన మొదటి ఉద్యోగం అదే. మా ఇంట్లోవాళ్లు బంధువులతో "ఆటోమొబైల్ రంగం" అనేవారు. మోటార్‌సైకిల్ సిలిండర్‌ను తొలిచి, కంపెనీ ఇచ్చినదానికంటే చాలా పెద్ద పిస్టన్ దించడం యాదన్న పని. తొలిచేకొద్దీ బలం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, సిలిండర్ గోడ పలచబడుతుంది. వచ్చే కుర్రాళ్లకు మొదటి ముక్క తర్వాత ఏదీ వినపడేది కాదు.

కొత్తగా కట్టిన ఇంజన్‌ను మొదట తానే నడపాలన్నది ఆయన నియమం. నన్ను వెనక కూర్చోబెట్టుకుని, పాలవాడి మోపెడ్ కూడా మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా చెంగిచెర్ల దాకా పోయి వచ్చేవాడు.

"రెండు వేళ్లు క్లచ్ మీదనే ఉండాలె, ఇంజనీర్ సాబ్. పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్ల పట్టేసే ముందు ఇంజన్ గొంతు సన్నవడ్తది. గప్పుడే క్లచ్ గుంజాలె. లేకుంటె ఎనక చక్రం బిగుసుకపోతది."

"వినపడకపోతే అన్నా?"

"గా దినం షెటర్ దించుత."

సైలెన్సర్ విప్పేసి, హోరెత్తే ఇంజన్ ముందు కూర్చుని చెవితోనే అన్నీ సరిచేసేవాడు. చెవుల్లో దూది పెట్టుకోమంటే, "దానికేం రోగమో నాకెట్ల దెలుస్తది?" అనేవాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చే ఆయన భార్య సుజాతక్క పిలిచి పిలిచి విసుక్కునేది.

"ఇంజన్ మూల్గితె ఇనవడ్తది గని, పెండ్లాం ఒర్లితె ఇనవడది!"

అందరం నవ్వేవాళ్లం. యాదన్న మా మొహాలు చూసి, కాస్త ఆలస్యంగా నవ్వేవాడు.

మామూలుగా స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు, పిడిని చెవికి ఆనించి లోపలి చప్పుడు వింటారు. ఒకరోజు ఆయన ఆ పిడిని పళ్ల మధ్య కరిచిపట్టుకుని, ఇంజన్ అదురును దవడతో వింటున్నాడు.

"దవాఖానకు పోదాం అన్నా. అప్పటిదాకా బండ్లు నేను నడుపుతా."

"డాక్టర్ షెటర్ దించమంటడు. నేను గట్టిన ఇంజన్ మీద ముందు నేనే కూసుంట. జర సమజ్ జేస్కో."

షెడ్డులో పళ్లతో వినవచ్చు. బోడుప్పల్ రోడ్డు మీద ఆ వీలు లేదు. ఆ రోజు కొత్తగా కట్టిన ఇంజన్ మీద ఆయన ఒక్కడే వెళ్లాడు. వెనక నీళ్ల ట్యాంకరు వస్తోంది.

"సప్పుడు మారింది సార్. నేను తలెత్తి సూసిన," అన్నాడు అక్కడి పంక్చర్ షాపతను. "అన్నకు మాత్రం దెల్వలే. వేళ్లు క్లచ్ మీదనే ఉన్నయి."

చల్లబడ్డాక పిస్టన్ తనంతట తానే పట్టు వదిలింది. పోలీస్ స్టేషన్ ఆవరణలో కానిస్టేబుల్ ఒక్క కిక్ కొడితే ఇంజన్ స్టార్టయింది. "మంచిగ గట్టిండు," అన్నాడతను. ఆయన పనికి అంత్యక్రియల్లోనూ ఇంత మంచి మాట దక్కలేదు.

పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో ఎవరో ఒకావిడ తన భర్తకు పిలుపు వినపడదని జోకు వేస్తూనే ఉంటుంది. అందరూ నవ్వుతారు. నేను మాత్రం ముందు ఆ భర్త మొహం చూస్తాను, నవ్వు ఆలస్యంగా వస్తుందేమోనని.