బుడగలు పగిలాయట!

"నీటి బుడగలు" అనే మాట ఎవరు పుట్టించారో గానీ, నా ముందుకొస్తే కడిగిపారేస్తాను. స్కానింగ్‌లో అండాశయాల సమస్య, పీసీఓఎస్ అని తేలితే చాలు, అందరూ అనేది ఆ మాటే. బోయిగూడలో మా పై వాటాలో ఉండే నవతను అదే మాట చంపుకు తింది.

నవత రాంగోపాల్‌పేట్‌లో బట్టల దుకాణంలో పొద్దంతా కూర్చుని బిల్లులు కొడుతుంది. నెలల తరబడి డేట్ రాలేదు. పరీక్షలు చేయించిన డాక్టరమ్మ, "ముందు ఒళ్లు కదలాలమ్మా. చెమట పట్టేలా నడువు, స్కిప్పింగ్ చెయ్యి. మందుల సంగతి తర్వాత చూద్దాం" అంది. నవత బూట్లు కొనుక్కుని, తెల్లవారగానే గ్రౌండ్‌కు పోవడం మొదలుపెట్టింది. వచ్చాక డాబా మీద స్కిప్పింగ్.

అది చూసి అత్త దేవమ్మ డాబా మీదికి పరుగెత్తుకొచ్చింది. "ఏందే, గిట్ల ఎగురుతున్నవ్? కడుపుల నీళ్ల బుడగలున్నయ్. పగిలితే ఏం గావాలె?" అని తాడు లాక్కుంది, బూట్లు దాచేసింది.

"అవి బుడగలు కావత్తమ్మా, ఎదగని గుడ్లంట."

"గుడ్లయితే సుత పగులుతయ్ గదా!"

మొగుడు హరికిషన్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. అక్కడే బట్టలు ఆరేస్తున్న నాకు ఒళ్లు మండింది. "నోరు పెగలదా నీకు?" అని అడిగేశాను.

"అమ్మ పరేషాన్ అయితది ఆంటీ" అంటూ జారుకున్నాడు.

నవత మానలేదు. దుకాణానికి ఆటో మానేసి, చెప్పులతోనే గబగబా నడిచేది. మధ్యాహ్నం స్టాకు గదిలో తలుపేసుకుని తాడు లేకుండానే ఎగిరేది. తన ఒంటికి తాను వైద్యం చేసుకోవడానికి ఈ దొంగతనమేమిటి, ఛీ!

మొన్న ఆదివారం పొద్దున పైనుంచి ఒకటే కేక. పరుగెత్తాను. నవత నైటీ మీద రక్తపు మరక. దేవమ్మ నెత్తి కొట్టుకుంటోంది. "పగిలినయ్! చెప్తే ఇన్నదా? పగిలినయ్!" హరికిషన్ అప్పటికే ఆటో పిలిచాడు.

నవత గోడకానుకుని ఏడుస్తూనే నవ్వుతోంది. "ఏం పగల్లే అత్తమ్మా. డేట్ వచ్చింది. నాకు డేట్ వచ్చింది!"

దేవమ్మ నెత్తి కొట్టుకోవడం ఆపింది. లోపలికెళ్లి, బియ్యం డబ్బా వెనక నుంచి బూట్లు తెచ్చి కోడలి ముందు పెట్టింది.

హరికిషన్ మాత్రం ఇకిలించాడు. "నేనైతే ఎన్నడూ వద్దనలే."

నవత నవ్వు ఆగిపోయింది. "అవ్, వద్దనలే. చెయ్యమని సుత అనలే. అత్తమ్మకు భయమన్నా ఉండె. నీకేముండె?"

కింద ఆటో హారన్ మోగుతోంది. దాన్ని పంపించేసే వంకతో హరికిషన్ మెట్లు దిగిపోయాడు.