యూస్టేషియా పీపాలో గప్పీలు

అరిమా లోయలో కుళాయి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ప్రతి వాకిట్లోనూ ఒక నీళ్ల పీపా, ప్రతి పీపాలోనూ యూస్టేషియా వేసిన గప్పీ చేపలు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లని చూడ్డానికి ఆమె రొట్టె పట్టుకెళ్లేది కాదు, డబ్బాలో నాలుగు చేపలు పట్టుకెళ్లేది.

"ఈ రంగుల చుక్కలవి మగవి. వెలిసిపోయినట్టు, లావుగా ఉన్నది ఆడది. గుడ్లు పెట్టదమ్మా, పిల్లల్నే కంటుంది. కని, దొరికితే తనే మింగేస్తుంది. దాక్కోడానికి కాస్త నాచు వెయ్యి. తిండి పెట్టకు, దోమపిల్లలు చాలు వాటికి."

ఆ ఎండాకాలం కుళాయి బొత్తిగా ఎండిపోయింది. ఊరంతా ఏటి నీళ్లే మోసి పీపాలు నింపుకుంది. ఒకనాడు పొద్దున్నే యూస్టేషియా పీపా మూత తీస్తే, చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. బతికున్నది ఒక్కటే, ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

ఆమె ఏటి వెంట ఎగువకి నడిచింది. ఒడ్డు పొడుగునా అవే తెల్లటి పొట్టలు. కప్ప అరుపు కూడా లేదు. పైన తమ్ముడు లీనో టమాటా తోట దగ్గర, పురుగుమందు కొట్టే డ్రమ్ము ఏటి నీళ్లలో సగం మునిగి ఉంది.

"దీన్ని ఏట్లోనే కడుగుతున్నావుట్రా?"

"పారే నీళ్లేగా అక్కా, కొట్టుకుపోతుంది. పొద్దున్నే పోలీసులా ఈ ప్రశ్నలేంటి?"

"గప్పీలు చచ్చాయి."

లీనో నవ్వాడు. "చేపల చావుకబురు చెప్పడానికా ఇంత కొండ ఎక్కావు? పుడతాయిలే మళ్లీ."

"మురుక్కాలవలో, సబ్బు నురగలో బతికే చేపరా అది. అదే చచ్చిందంటే ఆలోచించు."

అతని నవ్వు ఆగిపోయింది. ఇంటి వైపు చూశాడు. లోపలినుంచి అతని చిన్న కూతురి మూలుగు సన్నగా వినిపిస్తోంది.

"రాత్రి నుంచీ వాంతులు," అన్నాడు మెల్లగా. "పచ్చి మామిడికాయలు తిందనుకున్నాం. దాహం అంటోందని... వాళ్లమ్మ నీళ్లు పడుతూనే ఉంది."

"ఎక్కడి నీళ్లు?"

లీనో ఏటి వైపు తిరిగి చూశాడు. డ్రమ్ముకి కొంచెం దిగువన, రాళ్ల మధ్య వాళ్ల బిందె ఉంది.

యూస్టేషియా లోపలికి వెళ్లి పిల్ల తల్లి చేతిలో గ్లాసు లాక్కుంది. పిల్లని దుప్పట్లో చుట్టి ఎత్తుకుంది. "వ్యాను తియ్యరా. ఆసుపత్రికి."

వ్యాను దిగువకి దూసుకుపోతుంటే ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, నీళ్లు తాగొద్దని ఇంటింటికీ కేకలేసింది. ఇంజను హోరులో ఎవరికి వినపడిందో తెలియదు. ఒక వాకిట్లో ఎవరో చెయ్యి ఊపారు. ఒళ్లో పిల్ల మూలుగు ఆగిపోయింది.

"నిద్రపోయిందా అక్కా?" అన్నాడు లీనో వెనక్కి తిరక్కుండా.

"ఇంకా తొందరగా పోనీ," అంది యూస్టేషియా.