పడవ బయలుదేరింది

మా పక్క వాటాలో అద్దెకుండే ఆవిడని వీధంతా ఫోనక్క అనేవారు. వరద సహాయ కంట్రోల్ రూములో పని. పదహారేళ్ళుగా చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తి, పేరూ ఊరూ చీటీ మీద రాసుకుని, నాలుగు మాటలు చెప్పి పెట్టేయడం ఆవిడ ఉద్యోగం. డ్యూటీలో ఆ గొంతు తొణకదు, బెణకదు. నిప్పులు తొక్కినట్టు మాట్లాడేవాళ్ళు కూడా ఆవిడతో రెండు నిమిషాలు మాట్లాడాక ‘సరేనమ్మా’ అని పెట్టేసేవారట.

ఇంటికి వస్తే మాత్రం మహా వాగుడుకాయ. సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆ రోజు విన్న గొంతులన్నీ అనుకరించేది. “ఇల్లు మునిగిపోతోంది రక్షించండి అన్నాడు ఒకాయన. ఏ వీధండీ, ఎన్నో అంతస్తు అన్నాను. నాలుగో అంతస్తు, పై టాంకు పొర్లుతోంది అన్నాడు. మోటారు ఆపెయ్యండి సార్ అంటే, థాంక్స్ చెప్పి పెట్టేశాడు.” మేమంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

ఆవిడ పుట్టింది అవతలి గట్టున. నదికి ఇటు నగరం, ఆసుపత్రులు, ఆఫీసులు. అటు పల్లపు ఊళ్ళు. మధ్యలో ఒకే వంతెన. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే, పదేళ్ళు పెద్దదైన అక్క ఈవిడని పెంచింది. అక్కకి పెళ్ళైతే చెల్లెలు కూడా పెట్టె సర్దుకుని ఆ ఇంటికే వెళ్ళింది. బావ వడ్రంగి. “ఒక్క సంబంధానికి ఇద్దరు దొరికారు నాకు. ఒకళ్ళు వండుతారు, ఒకళ్ళు తింటారు” అని మరదల్ని ఆటపట్టించేవాడట. కానీ చదివించింది ఆయనే. ఈవిడకి ఉద్యోగం వచ్చినప్పుడు చెక్కలు బస్సు మీద వేసుకొచ్చి, మా పక్క వాటాలో రెండు రోజులు కూర్చుని అరలన్నీ బిగించి వెళ్ళాడు. పొట్టిగా, నవ్వుమొహంతో, చెవి మీద పెన్సిలుతో ఉండేవాడు. మా ఇంటి తలుపు కిర్రుమంటోందని చెప్పకుండానే సరిచేసి పోయాడు.

ఆ ఏడు వాన పట్టుకుని నాలుగు రోజులు వదల్లేదు. పైన జలాశయం నిండి గేట్లు ఎత్తారు. నగరం మునగకూడదని అవతలి వైపు గేట్లే ముందు ఎత్తారని ఆ గట్టు వాళ్ళు ఈరోజుకీ అంటారు. కాదు, రెండు వైపులా ఒకేసారి ఎత్తామని ఆఫీసర్లు అంటారు. ఏది నిజమో నాకు తెలియదు. నాలుగో రోజు పొద్దున అవతలి గట్టున ముప్ఫై ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయన్నది మాత్రం నిజం. నగరంలోనూ పల్లపు కాలనీలు మునిగాయి.

కంట్రోల్ రూములో ఎనిమిది కుర్చీలు, ఎదురుగా గోడంతా పటం. ఫోను వచ్చిన చోట ఎర్ర గుండుసూది, పడవ పంపిన చోట పచ్చ గుండుసూది గుచ్చుతారు. మొత్తం పడవలు ఇరవై ఆరు. ఫోను ఎత్తినవాళ్ళకి ఒక నియమం ఉండేది. చీటీ రాసి పడవలు పంపేవాళ్ళ బల్ల మీదికి అందించగానే, అవతలివాళ్ళతో ‘పడవ బయలుదేరిందండి, ధైర్యంగా ఉండండి’ అనాలి. మామూలు వానల్లో అది అబద్ధం కూడా కాదు. చీటీ వెళ్ళిన పది నిమిషాలకి పడవ నిజంగానే కదిలేది.

పది గంటలు దాటాక ఒక ఫోను మోగింది.

“కంట్రోల్ రూమ్. చెప్పండి, ఏ ఊరండీ?”

“నేనేనే. నీ ఫోనుకి చేస్తే ఎత్తవేం?”

“డ్యూటీలో లోపల పెట్టేస్తాం అక్కా. ఎలా ఉన్నారు?”

“డాబా మీద ఉన్నాం, చుట్టుపక్కల వాళ్ళతో కలిపి పదకొండు మందిమి. నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. మీ బావ తలుపులు ఊడదీసి, డ్రమ్ములు కట్టి తెప్ప చేశాడు. ఇద్దరిద్దర్ని బడి మేడ మీదికి దాటిస్తానంటున్నాడు. నాకేమో భయంగా ఉంది. పడవ వస్తుందా, రాదా? వచ్చేట్టుంటే ఆగుతాం.”

ఫోనక్క చెయ్యి చీటీ రాసింది, పక్కకి అందించింది. పొద్దుటి నుంచి అప్పటికే యాభైసార్లు అన్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది.

“పడవ బయలుదేరింది అక్కా. ధైర్యంగా ఉండండి.”

“విన్నావా, బయలుదేరిందట” అని అక్క అటు తిరిగి చెప్పడం వినిపించింది. వెనక బావ గొంతు, “మరదలు పిల్ల చెప్పిందా? అయితే ఆగుదాం” అంది. ఫోను తెగిపోయింది.

ఇంకో మూడు ఫోన్లు ఎత్తాక, అక్కతో తను అన్న మాట ఆవిడకి గుర్తొచ్చింది. తల పైకెత్తి పటం చూసింది. నదికి అవతల అంతా ఎరుపు. పచ్చ గుండుసూదులన్నీ ఇవతలే ఉన్నాయి. అటు ఒక్కటీ లేదు. హెడ్‌ఫోను తీసేసి ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. ఆయన గడ్డం మాసి, నిలబడే బిస్కెట్లు తింటున్నాడు. మూడు రోజులుగా ఇంటికి వెళ్ళలేదు.

“సార్, అవతలి గట్టుకి ఎన్ని పడవలు వెళ్ళాయి?”

“ఇంకా వెళ్ళలేదమ్మా. పెద్దాసుపత్రి కింది అంతస్తు ఖాళీ చేయిస్తున్నారు. తర్వాత కాలనీలు. అవి కాగానే ఓ ఆరు అటు మళ్ళిస్తాం.”

“బయలుదేరిందని చెబుతున్నాం కదా సార్.”

“ఏం చెప్పమంటావు మరి? రావడం లేదంటే గోల పెడతారు. ఉన్న లైన్లు కూడా జామ్ అవుతాయి.”

“మా అక్క అక్కడ డాబా మీద ఉంది సార్.”

ఆయన చేతిలో బిస్కెట్టు బల్ల మీద పెట్టాడు. “ఈ వరస పైనుంచి వచ్చిందమ్మా. నా చేతిలో లేదు. మీ అక్క చీటీ పైన పెడతాను. అంతకన్నా నేనేం చెయ్యలేను” అన్నాడు. చీటీ పైన పెట్టాడు కూడా. పడవలే లేకపోతే ఏ చీటీ పైనున్నా ఒకటే.

ఆవిడ పరిగెత్తి లోపలి అరలోంచి తన ఫోను తీసి అక్కకి చేసింది. స్విచాఫ్. బావ ఫోను కింద ఇంట్లో నీళ్ళపాలైంది. మళ్ళీ మళ్ళీ చేసింది. కుర్చీ దగ్గర ఫోన్లు మోగిపోతుంటే, వచ్చి కూర్చుంది.

“ఆ తర్వాత ఏం చెప్పావు వాళ్ళకి?” అని చాలా రోజుల తర్వాత నేను అడిగాను.

“అదే చెప్పాను. ఇంకో నలభై మందికి. వేరే మాట రాలేదు నోటికి” అంది.

అక్కడేం జరిగిందో తర్వాత బతికినవాళ్ళు చెప్పారు. పొద్దున నీళ్ళు చెరువులా నిలకడగా ఉన్నాయి. బడి మేడ ఎంతో దూరం కూడా కాదు. పడవ వస్తుందని రెండున్నర దాకా ఎదురుచూశారు. ఈలోగా ఎక్కడో గట్టు తెగి నీళ్ళకి వడి వచ్చింది. ఇక లాభం లేదని బావ తెప్ప వదిలాడు. ముందు అక్కనీ, ఒక ముసలావిడనీ దాటించాడు. అలా నాలుగుసార్లు తిరిగి ఎనిమిది మందిని చేర్చాడు. ఆఖరి ఇద్దరి కోసం తిరిగి వస్తుంటే ఎక్కడిదో రేకుల కప్పు ఒకటి కొట్టుకొచ్చి తెప్పని అడ్డంగా కొట్టింది. బడి మేడ మీంచి అందరూ చూశారు. అక్కా చూసింది.

డాబా మీద మిగిలిన ఇద్దరూ బతికారు. నీళ్ళు పిట్టగోడకి జానెడు కిందే ఆగిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం సర్కారు పడవ వచ్చి వాళ్ళని దింపింది. బావ తొమ్మిదో రోజున, పన్నెండు మైళ్ళ దిగువన దొరికాడు.

అక్క మాత్రం పడవ బయలుదేరిందనే నమ్మింది. దారిలో దానికేదో అయ్యిందనుకుంది. ఊళ్ళోవాళ్ళు, “మనకెందుకు పంపుతారు? మనం వాళ్ళ లెక్కలో మనుషులమా?” అంటే వాళ్ళ మీద కలబడేది. “మా చెల్లెలు చెప్పింది. అది నాతో అబద్ధం చెప్పదు” అనేది. ఫోనక్క వారం వారం వంతెన దాటి వెళ్ళేది. అక్క వడ్డిస్తే తినేది, అక్క ఆ మాట అంటుంటే తలవంచుకుని వినేది. ఇలా ఏడు నెలలు. మా మెట్ల మీద గొంతులు అనుకరించడం మానేసింది. పలకరిస్తే పలికేది, అంతే.

తర్వాత విచారణ సంఘం వేశారు. ఒక రిటైర్డ్ జడ్జి. ఎక్కువమంది చచ్చిపోయింది అవతలి గట్టున, విచారణ పెట్టింది మాత్రం నగరంలో, ఆఫీసు మూడో అంతస్తు హాల్లో. సాక్షులు రెండు బస్సులు మారి రావాలి. అక్క కూడా సాక్షిగా వచ్చి, ముందు రోజు రాత్రికి చెల్లెలి దగ్గరే దిగింది. సాయంత్రం మెట్ల మీద కూర్చుని చెల్లెలి జుట్టు దువ్వుతుంటే చూశాను. పొడుగాటి మనిషి, బాగా చిక్కిపోయింది. చెబుదామని మూడుసార్లు నోరు తెరిచానని ఫోనక్క తర్వాత నాతో అంది. తెరిచిన నోట్లోంచి మూడుసార్లూ, “బస్సులో సీటు దొరికిందా” లాంటి మాటలే వచ్చాయట.

విచారణకి నేనూ వెళ్ళాను. రిజిస్టరులో ఉన్నదే చెప్పమని డిపార్టుమెంటు ప్లీడరు ఆవిడకి ముందే చెప్పి ఉంచాడు. రిజిస్టరులో ఆ ఊరి ఎదురుగా ‘పది ఇరవై నాలుగు, బయలుదేరింది’ అని ఉంది.

“ఈ పడవ పది ఇరవై నాలుగుకి బయలుదేరిందా?” అని జడ్జి అడిగాడు.

“బయలుదేరలేదండి.”

ప్లీడరు లేవబోతే జడ్జి చేత్తో ఆపాడు. “మరి అలా ఎందుకు చెప్పారు?”

“అలా చెప్పమన్నారు, చెప్పాం. ఆ పొద్దున అవతలి గట్టు నుంచి నూట ముప్ఫై ఫోన్లు వచ్చాయి. అందరికీ అదే చెప్పాం. సాయంత్రం నాలుగింటి దాకా ఒక్క పడవ కూడా నది దాటలేదు.”

“ఈ ఫోను చేసింది మీ సొంత అక్క అని ఇక్కడ రాసి ఉంది.”

“అవునండి. అక్కకీ అదే చెప్పాను.”

కంట్రోల్ రూములో వాడే అదే గొంతుతో చెప్పింది. వెనక బెంచీల్లో అవతలి గట్టు వాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అక్క తన చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది.

ముగ్గురం నడిచి వచ్చాం. నేను రెండడుగులు వెనక. వీధి మలుపు తిరిగాక అక్క అడిగింది.

“నీకెప్పుడు తెలిసింది?”

“నీ ఫోను తెగిన పది నిమిషాలకి.”

“ఆ రోజే.”

“ఆ రోజే అక్కా. మళ్ళీ చేశాను. తగల్లేదు.”

అక్క నడుస్తూనే ఉంది. మా గేటు దగ్గర ఆగింది. “పడవ సంగతి వదిలెయ్. నోటికి అలవాటైన మాట, వచ్చేసింది. ఊళ్ళోవాళ్ళతో నీ కోసం పోట్లాడాను నేను. నువ్వు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ విన్నావు. మొదటి రోజే చెప్పి ఉంటే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి అయ్యేది. ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలీడం లేదు.”

లోపలికి వెళ్ళి సంచి తెచ్చుకుని, అరగంటలో ఉన్న బస్సుకే వెళ్ళిపోయింది. దిగబెడతానన్నా వద్దంది.

నివేదిక ఏడాదికి వచ్చింది. ‘సమాచార లోపం’ అని రాశారు. అవతలి గట్టుకి సొంతంగా నాలుగు పడవలు ఇవ్వాలన్నారు. ఇచ్చారు. షెడ్డు కట్టి అందులో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మాత్రం నగరంలోని ఆఫీసులో ఉంటుంది. ఫోనక్కని రికార్డు గదికి మార్చారు. తోటివాళ్ళు టీకి పిలవడం మానేశారు. మా వీధిలోనూ, తిన్నింటి గుట్టు బయటపెట్టిందని అన్నవాళ్ళున్నారు. అవతలి గట్టున మాత్రం మెచ్చుకున్నారా అంటే అదీ లేదు. అంత తెలిసిన మనిషి అప్పుడెందుకు చెప్పలేదని వాళ్ళ కోపం.

మనుషులు చాలక ఏడాదిన్నరకి మళ్ళీ ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఆ వానల్లో ఆవిడ నియమం తప్పింది. “ఇంకా బయలుదేరలేదండి. ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. ఎక్కే చోటు ఉంటే ఇప్పుడే ఎక్కండి” అని చెప్పేది. కొందరు బండబూతులు తిట్టారు. పడి ఊరుకుంది. రెండు మెమోలు వచ్చాయి. రెండింటి మీదా సంతకం పెట్టి ఇచ్చేసింది.

అక్క దగ్గరికి వెళ్తే అక్క తలుపు తీసేది, మంచినీళ్ళిచ్చేది, పనుందని పెరట్లోకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి ఫోనక్క వెళ్ళడం తగ్గించింది.

మరో ఏడాదికి ఒక మధ్యాహ్నం మా ఇంటికి ఫోను వచ్చింది. “మీ పక్క వాటా ఆవిడతో చెప్పండి, బుధవారం వస్తున్నాను. కంటి ఆపరేషను” అని చెప్పి, పేరు చెప్పకుండా పెట్టేసింది అక్క. అవతలి గట్టున కంటి ఆసుపత్రి లేదు. రోజూ పరీక్షకి రావాలంటే నగరంలో ఉండక తప్పదు. ఉండడానికి ఆవిడకి ఇక్కడ ఇంకో ఇల్లు లేదు.

పది రోజులుంది. కంటికి కట్టు, వంగకూడదు, తలస్నానం కూడదు. ఫోనక్క సెలవు పెట్టి రోజుకి ఆరుసార్లు చుక్కలు వేసేది. నేను పాలు ఇవ్వడానికి వెళ్తే, కుర్చీలో అక్క తల వెనక్కి వాల్చి ఉండేది. చెల్లెలు గడ్డం పట్టుకుని, “పైకి చూడు అక్కా” అనేది. “చూస్తూనే ఉన్నా, కానియ్” అనేది అక్క. చుక్క పడ్డాక చెంప మీదికి కారినది దూదితో తుడిచేది. వాళ్ళ మధ్య మందు వేళలూ, తిండి వేళలూ తప్ప వేరే మాట నాకు వినపడలేదు. ఒక్కరోజు మాత్రం, “ఈ అరలు ఇంకా గట్టిగానే ఉన్నాయే” అంది అక్క, గోడ వైపు తడుముతూ. ఫోనక్క కొత్త దూది అందుకుంది.

పదకొండో రోజున బస్సు దాకా ముగ్గురం వెళ్ళాం. ఈసారి దిగబెట్టడానికి అక్క వద్దనలేదు. నల్లద్దాలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఫోనక్క కింద నిలబడి కిటికీ ఊచ పట్టుకుంది.

“మళ్ళీ ఎప్పుడొస్తావు అక్కా?”

“రెండో కంటికి ఆర్నెల్లు ఆగమన్నాడుగా డాక్టరు” అంది అక్క, అటువైపు చూస్తూ. “అప్పుడే.”