ఫోర్ ఫోర్ టూ

అమెరికాలోని కమ్మింగ్‌లో మా పక్కింటి గరాజ్ ముందు ఆ ఆదివారం ఉదయం ఉన్నవి ఇవి: 1964 మోడల్ ఎర్ర కారు, దాని అద్దం మీద ‘ఫర్ సేల్’ కాగితం, ఎడమ మోకాలికి పట్టీ వేసుకుని మడత కుర్చీలో కూర్చున్న డెబ్బై ఏళ్ల ఫ్రాంక్, ప్రాజెక్ట్ పని మీద కొత్తగా దిగిన నేను.

కారు మీద 442 అని ఉంది. ఇంజిన్ సైజా అని అడిగాను.

“అందరూ అలాగే అనుకుంటారు,” అని నవ్వారు ఫ్రాంక్. “నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్, నాలుగు గేర్లు, రెండు సైలెన్సర్ గొట్టాలు. తర్వాత ఆటోమేటిక్ కూడా వచ్చింది, పేరు మాత్రం మార్చలేదు.”

“మరి ఎందుకు అమ్ముతున్నారు?”

“మోకాలి ఆపరేషన్ ఉంది. క్లచ్ తొక్కలేను. కదపకుండా ఉంచితే ఇంజిన్ పాడవుతుంది. ఈ వీధిలో గేర్ల కారు నడపగలిగేవాడు ఒక్కడూ లేడు.”

నాకు ఆశ్చర్యం వేసింది. కాకినాడలో డ్రైవింగ్ అంటేనే గేర్లు మార్చడం. “నాకొచ్చు సార్,” అన్నాను.

తాళాలిచ్చి ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. నేను క్లచ్ తొక్కి, కాకినాడ అలవాటు కొద్దీ గేరు కోసం ఎడమ చెయ్యి చాపాను. చేతికి హ్యాండిల్ తగిలి తలుపు తెరుచుకుంది.

“అప్పుడే దిగిపోతున్నావా, సన్?”

కుడిచేత్తో గేరు వేయబోతే ఇంజిన్ రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కారు కదిలింది. పెద్ద రోడ్డు మీద నాలుగో గేరు పడ్డాక ఆయన కళ్లు మూసుకుని ఆ శబ్దం విన్నారు. తిరిగి రాగానే అద్దం మీది కాగితం పీకేశారు.

“ప్రతి ఆదివారం వస్తావా?”

“వస్తాను సార్.”

ఆపరేషన్ అయ్యాక తొమ్మిది ఆదివారాలు నేనే నడిపాను. ఆయన మళ్లీ క్లచ్ తొక్కింది పదో ఆదివారం.