గాలి కదలకూడని హాలు

నా విమానం ఎగురుతుండగా ఎవరో ఫ్యాన్ వేశారు. అది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

మొన్న కంకిపాడు దగ్గర ఒక కాలేజీ ఇండోర్ స్టేడియంలో బొమ్మ విమానాల పోటీ ఉందంటే చూడ్డానికి వెళ్ళాను. రబ్బరు పట్టీకి ఒక కుర్రాడు ఆముదం రాస్తున్నాడు. ఆ వాసన తగలగానే గవర్నర్‌పేటలోని ఆ పాత హాలు, ఆ మే నెల మధ్యాహ్నం, కిటికీ సందుల్లో కుక్కిన గోనెపట్టాలు, మూసిన తలుపుల వెనక మగ్గిన చెమట కంపు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

మా విమానాలు మిడతంత బరువుండేవి. చీపురుపుల్ల కంటే సన్నగా చీల్చిన వెదురుకు ఉల్లిపొరలాంటి కాగితం అంటించి, మెలితిప్పిన రబ్బరు విడుతుంటే ముక్కున చిన్న రెక్క తిరిగేలా వేసవంతా అరుగు మీద కూర్చుని చేసేవాళ్ళం. మనిషి నడక కంటే నిదానంగా కప్పు కింద గుండ్రంగా తిరిగేవి. ఎక్కువసేపు నిలిచినదే గెలుపు. ఎవరైనా తుమ్మితే పల్టీ కొడతాయని ఫ్యాన్లు ఆపి, ఆడవాళ్ళ విసనకర్రలు కూడా గుమ్మం దగ్గరే లాక్కునేవారు. అంతమంది ఉండీ చప్పుడు లేని ఆ హాలు, శవం లేచిన ఇంటిలా ఉండేది.

గెలిచినవాణ్ణి హైదరాబాదు పంపి, ఖర్చు పెట్టి చదివిస్తామన్నారు పోటీ పెట్టినవాళ్ళు. ఏడో తరగతితో బడి మాన్పించిన నాకు మళ్ళీ చదువుకునే దారి అదొక్కటే. రైసుమిల్లు ఆసామి కొడుకు విమానం నాకంటే ముందే ఎగిరి దిగింది. దాన్ని మించాలంటే నాది ఇంకో నాలుగు చుట్లు తిరిగితే చాలు. మెడ రిక్కించి చూస్తున్నాను. హాలు అంచుల నుంచి చీకట్లు కమ్ముతున్నట్టయింది. చెవుల్లో రొద. ఏదో కీడు జరగబోతోందని ఒంటికి తెలిసిపోయింది. అంతలో పైన ఫ్యాన్ కిర్రుమంది. నా విమానం రెక్క మడిచి, గోడకు కొట్టుకుని రాలింది.

ఇంకొక్కసారి ఎగరేయనివ్వమని ఏడుస్తూ బతిమాలాను. "పడింది పడిందే బాబూ" అన్నారు న్యాయనిర్ణేత గారు.

స్విచ్చిబోర్డు పక్కన కూర్చున్నది మిల్లు ఆసామి. జీవితమంతా ఆయన్నే తిట్టుకున్నాను. చదువంటారా, పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడి నాకు నేనే చెప్పుకున్నాను.

ఇప్పుడా హాలు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల కాంప్లెక్సు వెలిసింది. ఆసామీ పోయాడు. వెదురు చీల్చే ఓపిక ఎవరికీ లేదు, అన్నీ డబ్బాల్లో వస్తున్నాయి. ఆ రోజు హాల్లో ఉన్న మావాళ్ళలో మిగిలింది మా అక్క ఒక్కతే. కంకిపాడు నుంచి నేరుగా ఆమె ఇంటికి వెళ్ళి, ఈ కోపమంతా మళ్ళీ వెళ్ళగక్కాను. అక్క వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా విన్నది. చివరికి చెప్పింది:

"పాపం ఆయన్ననకురా, ఫ్యాన్ వేసింది నేనే. చెప్తే నాతో మాట్లాడటం మానేస్తావని ఊరుకున్నా. అందరూ పైకి చూస్తుంటే నేను నిన్ను చూస్తున్నా. పెదాలు నల్లబడిపోయినయ్. విమానం ఎక్కడ పల్టీ కొడుద్దోనని నువ్వు ఊపిరి తీసుకోవటం మానేశావు."