కొసరు మూత

బోరిగుమ్మలో మా ఎరువుల కొట్టు గొప్పతనమంతా కొసరులోనే ఉండేది. విత్తనాలు తూచాక నాన్న పైన ఒక గుప్పెడు వేసేవాడు. యూరియా తూచినా అంతే. "కొసరెయ్యని సెయ్యి సావుకారి సెయ్యి కాదే అమ్మి" అని నాకు చిన్నప్పుడే నేర్పాడు. పదో తరగతి పాసై కొట్లో కూర్చునేనాటికి నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

తొంభైల మధ్యలో రాగి అంబలి తాగే మా ఊళ్ళకి బ్లాకు ఆఫీసువాళ్ళు గోధుమ విత్తనాలు పంచారు. వెనకాలే కలుపు మందు వచ్చింది. నాన్నకి ఇంకేం కావాలి? కొట్టు వెనకున్న చిన్న నేల చెక్కలో గోధుమ వేసి, పైరు కాస్త ఎదగ్గానే స్ప్రేయర్‌లో మందు కలిపాడు. ఎన్ని మూతలు కలపాలో సీసా మీద ఉంటే నేను చదివి వినిపించాను.

"అది రాసినోడికి మన గడ్డి సంగతి తెల్సేటి?" అని ఇంకో మూత వంచాడు.

కలుపు మొక్కలకి కూడా కొసరు వేసిన దాత లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. వారంలో కలుపు మాడిపోయింది. నాన్న గట్టు మీద నిలబడి, సంతకి పోయేవాళ్ళందరినీ పిలిచి మరీ చూపించాడు.

చూసినవాళ్ళలో ఒక ముసలామె ఉంది. కొండపల్లె నుంచి ఏళ్ళుగా మా కొట్టుకి వచ్చేది. వాగు పక్కన ఉన్న ఒకే ఒక్క చెక్కలో ఆ ఏడు గోధుమ వేసింది. రాగులు పండేదాకా ఇంట్లో అయిదుగురికి ఆ గోధుమే ఆధారం. ఎప్పుడూ కలుపు చేత్తోనే తీసేది. అందులో దొరికిన ఆకుకూర సాయంత్రం కుండలోకి పోయేది. ఆ ఏడు నడుం పట్టేసింది.

"వంగలేకపోతన్నాను అమ్మి. నాకూ కొంచెం పొయ్యి" అని ఖాళీ నూనె సీసా చాపింది.

మందు సీసా మీద రాసిన కొలత ప్రకారమే పోశాను. అక్కడితో ఆగొచ్చు. చెయ్యి ఊరుకోక ఇంకో మూత వంచాను. ఆమె మురిసిపోయి నా గడ్డం పట్టుకుంది.

రెండు వారాలకి మా గోధుమ పసుపు రంగుకి తిరిగింది. నాన్న "ఆకలి" అని తేల్చి యూరియా వేశాడు, కొసరుతో. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. పైరు జానెడు దగ్గరే ఆగిపోయింది. తర్వాత జింకు వేశాడు. కొట్లో ఉన్న సరుకంతా ఆ చెక్క రుచి చూసింది.

చివరికి బ్లాకు ఆఫీసు నుంచి వ్యవసాయం ఆయన వచ్చి ఒక మొక్క పీకాడు. వేళ్ళు పొట్టిగా, మొద్దుబారి ఉన్నాయి.

"మందు ఎక్కువైంది. వేరు పాడైతే నేలలో ఎంత బలమున్నా మొక్క తీసుకోలేదు. పశువుల పెంటని కుళ్ళబెట్టి పైరుకి అందించే సూక్ష్మజీవుల్నీ దెబ్బతీశారు. ఇంక యూరియా ఆపి, పెంట వేసి వదిలెయ్యండి."

"మట్టిలో జీవాలేటండీ బాబూ?" అన్నాడు నాన్న. "తాతల్నాటి నుంచి కొసరేస్తన్నాం. ఎవుడికీ ఏటీ అవ్వనేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే వాగు పక్క చెక్క గుర్తొచ్చింది. నాన్నకైతే చదువు రాదు. నేను చదివి కూడా పోశాను.

మా గోధుమ పోతే మాకు కొట్టుంది. ఆమెకి గింజా దక్కలేదు, కలుపులో దొరికే ఆకుకూరా దక్కలేదు. ఆ వేసవంతా మామిడి టెంకల పిండితో అంబలి కాచుకున్నారని, విత్తనానికి దాచిన రాగులు కూడా తినేశారని సంతలో విన్నాను. నాన్నకి చెప్పలేదు. చెబితే జాలిపడి ఇంకో సీసా పంపేవాడు.

వానలు పడ్డాక రాగి విత్తనాల కోసం ఆమె మా కొట్టుకే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గింజలు తూచి సంచిలో పోసి, అలవాటుగా ఒక గుప్పెడు తీశాను. ఆమె సంచి మూతికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సాలు అమ్మి. నీ కొసరు ఒద్దు" అంది.

కొసరు వద్దన్న మనిషిని అంతవరకు నేను చూడలేదు. ఆ గుప్పెడూ మళ్ళీ బస్తాలో పోశాను.