కనపడని అతుకు

సముద్రపు ఒడ్డున గాలం వేసేవాళ్లందరూ అతన్ని ఎదురుగా మేస్త్రి అనేవారు. అటు తిరగగానే అనుమానాల మేస్త్రి అనేవారు. బస్టాండు పక్క సందులో చెప్పులు, బూట్లు బాగుచేసే కొట్టు అతనిది. ఆ కొట్టుకు రెండు తాళాలు. రెండోది దేనికయ్యా అని అడిగితే, మొదటిదాన్ని కనిపెట్టుకుని ఉండడానికి అని జవాబిచ్చేవాడు. అడిగినవాళ్లు నవ్వేవారు గానీ అతను నవ్వేవాడు కాదు.

అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి ఒక రహస్యం ఇచ్చాడు. జనం తిరిగే చోటు దాటి చాలా దూరం పోతే, ఒడ్డు కాస్త వంపు తిరుగుతుంది. అక్కడ అలలు అటూ ఇటూ తెల్లగా విరిగిపడుతున్నా, మధ్యలో ఒక్క చోట మాత్రం విరగకుండా నల్లగా లోపలికి వచ్చేస్తాయి. అడుగున ఇసుక కోసుకుపోయి గుంట పడిందన్నమాట. పోటు ఎక్కే వేళకు చిన్నచేపలు ఆ గుంటలో చేరతాయి, వాటి వెంట పండుగప్పలు వస్తాయి. గాలం విసిరి, దారాన్ని చూపుడువేలి మీద ఆనించుకుని మేస్త్రి మోకాలిలోతు నీళ్లలో నిలబడేవాడు. పండుగప్ప అందుకున్నప్పుడు కర్ర వంగి, భుజం దాకా జివ్వుమనేది. రోజంతా పరాయివాళ్ల చెమట బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడికి ఆ క్షణం ఎంత గొప్పదో వేరే చెప్పాలా?

ఆ గుంట ఎవరి కంటా పడకూడదని అతను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. వెళ్లేటప్పుడు నీటి అంచునే నడిచేవాడు, అడుగులు అల తుడిచేస్తుందని. తిరిగి వచ్చేటప్పుడు చేపతో జనంలోకి రావడం ఇష్టంలేక ఇసుకకు అడ్డంపడి రోడ్డెక్కేవాడు, అదీ వెనక్కి నడుస్తూ. ఆ అడుగులు చూసినవాళ్లు, ఎవరో రోడ్డు దిగి సముద్రం చూడ్డానికి పోయారనుకోవాలి తప్ప, చేపతో వెళ్లాడనుకోకూడదని ఉపాయం. ఒకసారి అలా నడుస్తూ కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నాడు కూడా.

అతనికి స్నేహితుడంటూ ఉన్నది బావమరిది ఒక్కడే. బస్సు కండక్టరు, నోరున్న మనిషి, అక్కకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇద్దరూ రబ్బరు బూట్లు ఒకే కొట్లో కొన్నారు, కాళ్ల కొలత కూడా ఒకటే. జనం ఉండే వైపు ఇద్దరూ కలిసి గాలం వేసేవారు. గుంట సంగతి మాత్రం మేస్త్రి అతనికీ చెప్పలేదు.

ఆ ఏడు బావమరిది కుడి బూటు మడమ చీలింది. మేస్త్రి పాత టైరు ముక్కను అర్ధచంద్రాకారంగా కోసి, జిగురు రాసి, కొట్టి అతికించాడు. పనిలో పనిగా తన బూట్లూ కడిగి పక్కన ఆరబెట్టాడు. సాయంత్రం బావమరిది వచ్చి తన జత పట్టుకుపోయాడు.

ఆ వారం గాలి పడిపోయింది. ఇసుక మీద గీసిన గీత గీసినట్టే ఉంది. తెల్లవారుతుండగా మేస్త్రి గుంట దగ్గరికి చేరి, చుట్టూ చూసుకుని నిలబడిపోయాడు. రోడ్డు వైపు నుంచి సముద్రం వైపుకు అడుగులున్నాయి. కుడి మడమ పడ్డ ప్రతిచోటా అర్ధచంద్రం.

తన చేతి కోతను తను గుర్తుపట్టడా? మరి నిన్న తను వెనక్కి నడిచిన అడుగులేవీ? అవి కనపడలేదు. అంటే బావమరిది తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వచ్చాడు. ఎంత గడుసువాడు! మేస్త్రికి కోపంతో పాటు ఒకింత మెచ్చుకోలు కూడా కలిగింది. మర్నాడూ అవే అడుగులు. ఆ మర్నాడూ అవే.

ఇక చూసిన ప్రతిదీ సాక్ష్యమే అయింది. బావమరిది పెద్ద పండుగప్పను తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. ఎక్కడ పడిందిరా అంటే, అదృష్టం బాగుండి పడింది బావా అన్నాడు. అదృష్టమట! ఇవాళ ఎటువైపు వెళ్లావు బావా అని ఎప్పుడూ అడిగే మాటే అడిగినా, కూపీ లాగుతున్నాడనిపించింది. అన్నిటికీ మించి, కొట్టుకు కొత్తవాళ్లు రావడం మొదలైంది. నువ్వు అతుకేస్తే అతుకే కనపడదటగా, మీ బావమరిది బస్సులో అందరికీ చెబుతున్నాడు అన్నారు. తప్పు చేసినవాడు కాకపోతే ఇంత వెన్న ఎందుకు రాస్తాడు అనుకున్నాడు మేస్త్రి.

ఆదివారం మధ్యాహ్నం బావమరిది భోజనానికి వచ్చాడు. మేస్త్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను" అన్నాడు.

బావమరిదికి మొదట అర్థంకాలేదు. గుంట, అడుగులు, అర్ధచంద్రం, అన్నీ విన్నాక అతని చూపు గుమ్మం బయట విడిచిన బూట్ల మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడనుకున్నాడు మేస్త్రి.

"నేను అటు రాలేదు బావా" అన్నాడతను.

"నీ బూట్లు వచ్చాయి. నువ్వు రాకపోతే అవే నడిచొచ్చాయా? ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు."

బావమరిది కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. అక్క పేరు పెట్టి పిలిచినా ఆగలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేరంటారు. మేస్త్రి భార్య ఆ మాట కూడా అనలేదు. వేళకు వడ్డించేది, పక్కగదిలోకి వెళ్లిపోయేది. తమ్ముడి కంచం మాత్రం కడిగి, తీసి లోపల పెట్టకుండా గట్టు మీదే ఉంచింది. అటూ ఇటూ తిరిగేటప్పుడల్లా అది మేస్త్రి కంటబడేది.

బావమరిది రావడం మానేశాక అడుగులు ఆగుతాయనుకున్నాడు మేస్త్రి. ఆగలేదు. సిగ్గులేని మనిషి అనుకున్నాడు.

ఒక ఉదయం భార్య మెట్లు ఊడుస్తూ, ఇసుక రాలగొడదామని అతని బూటు తిరగేసి మెట్టుకేసి కొట్టింది. రెండో దెబ్బకు చెయ్యి ఆపేసింది. బూటు పట్టుకుని లోపలికొచ్చి, అడుగు భాగం అతని ముఖానికి ఎదురుగా పెట్టింది.

"ఇది మా తమ్ముడిది కదండీ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు."

కడిగిన రెండు జతలూ బల్ల మీద పక్కపక్కన ఉండడం మేస్త్రి కళ్లకు కట్టింది. తన అడుగుల్లో అడుగులు వేసిన ఆ గడుసువాడు తనే. బావమరిది చూసినవి అతుకు లేని బూట్లు. అతుకు కనపడదని బస్సంతా చాటింది వెన్న రాయడానికి కాదు, నిజంగా నమ్మి. ఆ సాయంత్రం, ఎన్నడూ లేనిది, ఒక్క తాళమే వేసి కొట్టు మూసి, బూట్లు చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

బావమరిది గుమ్మంలోనే నిలబెట్టి విన్నాడు. లోపలికి రమ్మనలేదు.

"ఆ గుంట నాకు తెలుసు బావా. నువ్వు కనిపెట్టిన ఏడాదే నాకు తెలిసింది. బస్సు రోడ్డు వంతెన ఎక్కితే పైనుంచి నల్లగా కనపడుతుంది. నీకది ఇష్టమని అటు రాలేదు."

మేస్త్రి బూట్లు ముందుకు చాచాడు. బావమరిది అందుకోలేదు.

"ఉంచుకో. నాకివే బాగున్నాయి. అతుకు కనపడదు" అని తలుపు మెల్లిగా వేశాడు.

మర్నాడు తెల్లవారుతుండగా మేస్త్రి నీటి అంచున పోలేదు. రోడ్డు దిగి, ఇసుక మధ్యలోంచి, ముందుకే నడిచాడు. కుడి మడమను ప్రతి అడుగుకూ గట్టిగా ఆనించాడు. గుంట దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తే, రోడ్డు నుంచి తన కాళ్ల దాకా అర్ధచంద్రాలు వరసగా ఉన్నాయి. గుడ్డివాడైనా పట్టుకుని రావచ్చు.

పోటు ఎక్కుతోంది. నల్లటి నీటిలో చిన్నచేపలు చెదురుతున్నాయి, వెనక పండుగప్పలు వచ్చినట్టే. మేస్త్రి గాలానికి ఎర గుచ్చలేదు. ఆ వేళకు బావమరిది పనిచేసే మొదటి బస్సు వంతెన ఎక్కింది. అతను కర్ర ఇసుకలో గుచ్చి, రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

బస్సు ఆగలేదు. వంతెన దిగేటప్పుడు ఒక్కసారి మాత్రం హారన్ మోగింది. అది తన కోసమేనా అని మేస్త్రికి అనుమానం వచ్చింది. కానీ జీవితంలో మొదటిసారి ఆ అనుమానాన్ని పోనీలే అని వదిలేసి, తన కోసమేనని నమ్మాడు.